మెతుకుసీమలో కట్టుబడి విద్య

మెతుకుసీమ అని పిలిచే మెదక్ ప్రాంతంలో, మెదక్ పట్టణానికి పడమటి దిక్కున ఉన్న టేక్మాల్‌లోనూ, దాని పొరుగున ఉన్న పాపన్నపేట, అల్లాదుర్గం, పెద్దశంకరంపేటల్లోనూ ఇల్లు కట్టడం ఎన్నో తరాల పాటు వృత్తికులాల చేతిలో ఉన్న విద్య. బండ కొట్టేది వడ్డెరలు. గోడ లేపేది సుతారి. దూలం, దర్వాజ, కిటికీ వడ్రంగి పని. సీలలు, గొళ్లేలు కమ్మరి కొలిమి నుంచి, కప్పు మీది గూనపెంకులు కుమ్మరి వాము నుంచి వచ్చేవి. వీళ్లందరినీ ఒక తాటి మీద నడిపేవాడు మేస్త్రీ. కాగితం మీద ప్లాను ఉండేది కాదు. ఇంటాయన, మేస్త్రీ, పురోహితుడు ఖాళీ జాగాలో నిలబడి, ముగ్గు పోసి నేల మీదే ఇంటిని గీసేవారు. గోడ ఎంత మందం ఉండాలి, దర్వాజ ఎక్కడ నిలబెట్టాలి, వాన నీళ్లు ఏ వైపుకు పారాలి అన్నవన్నీ అక్కడే తేలిపోయేవి.

ఈ నిర్ణయాల వెనుక లెక్క లేకపోలేదు. ఇంటి కొలతలకు ‘ఆయం’ చూసేవారు. వైశాల్యాన్ని శాస్త్రం చెప్పిన పద్ధతిలో 8తో భాగించి, మిగిలిన శేషాన్ని బట్టి ధ్వజం, ధూమం, సింహం, శ్వానం, వృషభం, ఖరం, గజం, కాకం అని ఎనిమిది ఆయాలుగా గుర్తించేవారు. బేసి శేషం వస్తే మంచిది, సరి శేషం వస్తే కొలత కొంచెం మార్చాలి. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఈ పద్ధతి వల్ల జరిగిన పని ఒకటుంది: పునాది తవ్వకముందే ప్రతి గది పొడవూ వెడల్పూ అంగుళాలతో సహా తేల్చుకోవలసి వచ్చేది. మయమతం, మానసారం, భోజరాజు పేరు మీద ఉన్న సమరాంగణ సూత్రధారం వంటి సంస్కృత గ్రంథాల్లోని కొలతల సంప్రదాయం ఊరి మేస్త్రీ దాకా చేరింది ఇలాంటి నోటి లెక్కల రూపంలోనే. గ్రంథం చదివిన మేస్త్రీలు అరుదు, లెక్క నోటికి వచ్చినవాళ్లు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉండేవారు.

నేర్చుకునే క్రమం కూడా ఖచ్చితంగా ఉండేది. పిల్లవాడు మొదట తట్ట మోస్తాడు. తర్వాత మాలు కలుపుతాడు. కొన్నేళ్లకు తాపీ చేతికి వస్తుంది, అదీ గోడ నడిమి భాగంలో పని చేయడానికే. మూల కట్టడం పెద్ద చేతికి తప్ప ఇవ్వరు. రెండు చివర్లా మూలలు ముందు లేపి, వాటి మధ్య దోరి లాగి, ఆ దోరి వెంబడి మిగతావాళ్లు రాయి పేర్చుకుంటూ పోతారు. మూల తప్పితే గోడంతా తప్పుతుంది. తూకపు గుండు, మూలమట్టం, రసమట్టం మేస్త్రీ సంచిలో ఉండేవి. గుండు దారం గోడకు తాకీ తాకనట్టు నిలబడిందా లేదా అన్నది చూడటమే ఆ విద్యలో అసలు పరీక్ష. ఇప్పుడు కళాశాలలో అయిదేళ్లకు విస్తరించిన ఆర్కిటెక్చర్ చదువులో కొంత భాగం ఇక్కడ పదిహేనేళ్ల కూలి రూపంలో ఉండేది. నేర్చుకునేవాడికి చేతినిండా పని దొరికేది కానీ, చదువూ రాతా అందేవి కావు. కొడుకు కాని వాడికి ఆ మెలకువలు దొరకడమూ కష్టమే.

రాతి గోడకూ గచ్చుకూ ప్రాణం డంగు సున్నం. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరిచి, గుంటలో రోజుల తరబడి మురగబెట్టేవారు. తర్వాత గుండ్రటి రాతి కాలువ లాంటి గానుగలో వేసి, ఎడ్లు లాగే రాతి చక్రం కింద ఇసుకతో కలిపి వెన్నలా అయ్యేదాకా నలిపేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం, మారేడు గుజ్జు అవసరాన్ని బట్టి కలిసేవి. సున్నం గట్టిపడే తీరు సిమెంటు తీరుకు వేరు. సిమెంటు నీటితో చర్య జరిపి త్వరగా బిగుస్తుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని, ఏళ్ల మీద మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఆ మధ్యకాలంలో గోడలోని చెమ్మ బయటికి పోతూనే ఉంటుంది. తర్వాతి కాలంలో విశ్వవిద్యాలయాల్లో పీజీ విద్యార్థులు ప్రయోగశాలలో పరీక్షించిన విషయం ఇదే.

ఈ చేతుల పెద్ద కొలువు మెదక్ కోట. కాకతీయుల కాలానికి చెందినదిగా చెప్పే ఈ గిరిదుర్గం కొండ చరియను అలాగే వాడుకుంది. గోడ కొండ వంపును అనుసరించి వంగుతుంది, బండ ఉన్నచోట బండే గోడ. ప్రథమద్వారం, సింహద్వారం, గజద్వారం దాటితే గానీ పైకి చేరలేరు. పైన ధాన్యపు కొట్లు, ముబారక్ మహల్, కుతుబ్‌షాహీల కాలంలో 17వ శతాబ్దంలో కట్టిన మసీదు ఉన్నాయి. ఒకే కొండ మీద హిందూ రాజుల ద్వారాల పనితనమూ, సుల్తానుల కాలపు కమానూ పక్కపక్కనే నిలిచాయి. అదే కాకతీయ కాలంలో, 1213 నాటి రామప్ప గుడి పునాదిని ఇసుక నింపిన గుంటలో వేశారనీ, శిఖరానికి తేలికైన ఇటుకలు వాడారనీ తెలిశాక ఆ తరం స్థపతుల మెలకువ మీద కొత్త ఆసక్తి పుట్టింది. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కోట తర్వాతి అంచె సంస్థానాల గడీలు. టేక్మాల్ పక్కనే ఉన్న పాపన్నపేట 18వ శతాబ్దంలో రాణి శంకరమ్మ పాలించిన సంస్థానానికి కేంద్రం. పెద్దశంకరంపేట పేరు ఆమెదే, సదాశివపేట పేరు ఆ వంశానికే చెందిన సదాశివరెడ్డిది. ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజ, లోపల చుట్టూ అర్రలతో నడిమి వాకిలి గడీ రూపం. ఊళ్లో సంపన్నుడు కట్టుకున్న భవంతి ఇల్లు కూడా అదే పద్ధతిలో చిన్నదిగా ఉండేది. వాన వాకిట్లో పడేది, వెలుతురు అక్కడి నుంచే వచ్చేది, ఎండాకాలంలో వేడి గాలి పైకి పోయేది. తెలంగాణలో ఎండ తీవ్రతకు ఈ నడిమి వాకిలి చేసిన మేలును కొలిచి చూపించడానికి ఇప్పుడు ఆర్కిటెక్చర్ పీజీ పరిశోధనల్లో ఉష్ణమాపకాలు పెడుతున్నారు.

మెదక్ గడ్డ మీద బయటి ప్లానుకూ స్థానిక చేతికీ మొదటి పెద్ద కలయిక మెదక్ చర్చి. ఇంగ్లండు నుంచి వచ్చిన మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో మొదలైన ఈ కట్టడాన్ని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. రూపకర్త థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. గోథిక్ పద్ధతిలోని సూది కమాన్లు, పక్కటెముకల వంటి బద్దలతో అల్లిన పైకప్పు ఈ చుట్టుపక్కల ఊళ్ల సుతారులకు అప్పటిదాకా అలవాటు లేని పని. రాయి మాత్రం ఇక్కడిదే.

ఈ చర్చి గురించి జిల్లాలో ఎక్కువగా చెప్పుకునే మాట, కరువు రోజుల్లో పని కల్పించి తిండి పెట్టడానికే దీన్ని కట్టారన్నది. వేలమంది కూలీలుగా చేరారు. ఒక సంగతిని మాత్రం ఆ కథ దాటవేస్తుంది. కరువు పని అంటే మామూలుగా కాలువ తవ్వడం, చెరువు కట్ట వేయడం, రోడ్డు మీద కంకర పరచడం. వాటికి కండబలం చాలు. సూది కమాను కట్టాలంటే ముందుగా చెక్కతో తాత్కాలిక చట్రం పెట్టాలి. ఇరువైపుల నుంచీ రాళ్లు ఒక్కొక్కటీ కోణం తప్పకుండా చెక్కి పేర్చుకుంటూ రావాలి. నెత్తిన చివరి రాయి బిగించాకే చట్రం తీయాలి. పైకప్పు బరువు గోడల్ని బయటికి తోస్తుంది కనుక ఆ తోపును నేలకు దించడానికి గోడల వెలుపల ఊతగోడలు నిలబడాలి. ఇంత పని పదేళ్ల పాటు సాగిందంటే ఆ పదేళ్లలో అక్కడ ఒక బడి నడిచిందన్నమాటే. పేరు లేని బడి. అందులో తేరిన రాతిపనివాళ్ల జాబితా గానీ, వాళ్లు గీసుకున్న గుర్తులు గానీ చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కలేదు.

నేల మీది పలకరాళ్లు విదేశాల నుంచి వచ్చాయి. పరచడానికి ఇటలీ పనివాళ్లను తెచ్చారు. కిటికీల రంగు అద్దాలు మరింత నెమ్మదిగా వచ్చాయి. క్రీస్తు ఆరోహణం చూపే కిటికీ 1927లో, జననం చూపేది 1947లో, శిలువ ఘట్టం చూపేది 1958లో అమరాయి. వీటికి బొమ్మలు గీసింది ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. సీసపు పట్టీల మధ్య అమర్చిన అద్దం ముక్కల గుండా వచ్చే పగటి వెలుతురే ఆ బొమ్మలకు ప్రాణం. చీకటి పడ్డాక లోపలి నుంచి చూస్తే అవి కనిపించవు. కట్టడంలో వెలుతురును ఒక సామగ్రిగా వాడటాన్ని విద్యార్థికి చూపించాలంటే తెలంగాణలో ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకడం కష్టం.

చర్చి లేస్తున్న కాలంలోనే మెదక్‌కు దక్షిణాన ఉన్న హైదరాబాదులో కట్టుబడి విద్య దారి మళ్లింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. వరద నివారణకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచనల మేరకు తలపెట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, ఇరుకు బస్తీలు తీసి కొత్త ఇళ్లు, వెడల్పు రోడ్లు, పత్తర్‌గట్టి వంటి రాతి దుకాణాల వరుసలు కట్టింది. ఒక ఇల్లు కాకుండా ఒక పేట మొత్తాన్ని ముందుగా గీసుకుని కట్టడం ఈ ప్రాంతంలో ఇక్కడి నుంచే పెద్ద ఎత్తున సాగింది. తర్వాతి కాలపు నగర ప్రణాళిక చదువుకు వెనుకటి పాఠం ఇదే.

కలకత్తా విక్టోరియా మెమోరియల్ పనిని పర్యవేక్షించిన విన్సెంట్ ఎష్‌ను నిజాం ప్రభుత్వం పిలిపించింది. కాచిగూడ స్టేషను, హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి ఆయన పేరుతో చెప్పుకునే కట్టడాలు. హైకోర్టు విషయంలో మరో రెండు పేర్లు తలచుకోవాలి. ప్లాను గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్, దాన్ని కట్టించిన స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. 1915లో మొదలైన ఆ పని 1919లో ముగిసింది. రూపకర్త ఒకరు, లెక్కలు చూసేవారు ఒకరు, రాయి చెక్కేవారు ఇంకొకరు. ఊరి మేస్త్రీ ఒక్కడిలో కలిసి ఉన్న పనులు ఇక్కడ విడివిడి ఉద్యోగాలయ్యాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ విభజనకు చదువు రూపం ఇచ్చింది. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఈ విశ్వవిద్యాలయంలో 1929లో ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది. పాఠ్యపుస్తకాలు అనువాద శాఖలో ఉర్దూలోకి మారేవి. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ మాట్లాడే మెదక్ పిల్లవాడికి కట్టడాల చదువు రెండు భాషలు దాటి అందేది. సుతారి కొడుకు అక్కడిదాకా వెళ్లే అవకాశం ఎంత తక్కువో దీన్ని బట్టి తేలికగా తెలుస్తుంది.

విశ్వవిద్యాలయ భవనాల కథ అంతర్జాతీయ చదువుకు మంచి నమూనా. 1930లలో నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను ప్రభుత్వం యూరప్, అమెరికా, ఈజిప్టు, టర్కీ, జపాన్ వంటి దేశాలకు పంపింది. అక్కడి విశ్వవిద్యాలయాల భవనాలు ఎలా ఉన్నాయో చూసి రావడమే వాళ్ల పని. కైరో దగ్గర హీలియోపోలిస్ పట్టణ నిర్మాణంలో పని చేసిన బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ను ఎంచుకున్నారు. ఆర్ట్స్ కాలేజీకి 1934 జూలై 5న శంకుస్థాపన, 1939 డిసెంబర్ 4న ప్రారంభోత్సవం జరిగాయి. దాని ముఖద్వారంలో ఎల్లోరా, అజంతా స్తంభాల పోలికా, ఇస్లామీ కమానూ ఒకే గోడలో కలిశాయి. చూసిన దాన్ని కొలిచి, పోల్చి, తమ నేలకు తగ్గట్టు మార్చుకోవడం పీజీ చదువుల్లో ఇప్పుడు ‘కేస్ స్టడీ’ పేరుతో తప్పనిసరి. ఆ పని పద్ధతిగా ఇక్కడ జరిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఆర్కిటెక్చర్‌ను ప్రత్యేక చదువుగా నేర్పే బడి మాత్రం చాలాకాలం బొంబాయిలోనే ఉండేది. సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో డ్రాఫ్ట్స్‌మెన్‌కు శిక్షణగా మొదలైన తరగతి క్రమంగా పూర్తిస్థాయి కోర్సుగా ఎదిగింది. 1917లో విద్యార్థి సంఘంగా పుట్టిన సంస్థే 1929 నాటికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌గా మారింది. తెలుగు ప్రాంతాల్లో ఇంజనీరింగ్ కళాశాలలు ముందు వచ్చాయి, ఆర్కిటెక్చర్ వెనుకబడింది. బ్రిటిష్ కాలంలో రోడ్లు, కాలువలు, ఆనకట్టలు కట్టే పబ్లిక్ వర్క్స్ శాఖకు ఇంజనీరు అవసరం ఎక్కువ, అందుకే ఆ చదువుకే నిధులు వెళ్లాయి. మద్రాసులో గిండీ, ఉత్తరాన రూర్కీ కళాశాలలు ఆ అవసరం తీర్చాయి. మంజీర మీది ఘనపురం ఆనకట్ట, పోచారం చెరువు వంటి మెదక్ ప్రాంతపు నీటి కట్టడాలు ఆ ఇంజనీరింగ్ సంప్రదాయానికి చెందినవే.

హైదరాబాదులో 1940లో మొదలైన కళల పాఠశాల తర్వాత ప్రభుత్వ లలితకళల, ఆర్కిటెక్చర్ కళాశాల అయింది. చిత్రకళ, శిల్పం, కట్టడాల రూపకల్పన ఒకే ఆవరణలో ఉండటం ఆ సంస్థకు ఇచ్చిన రంగు వేరు. ఇంజనీరింగ్ కళాశాల నుంచి పుట్టిన ఆర్కిటెక్చర్ విభాగంలో లెక్క ముందు వస్తుంది. కళల బడి నుంచి పుట్టిన దానిలో గీత ముందు వస్తుంది. హైదరాబాదుకు ఈ రెండో సంప్రదాయం దక్కింది. 1972 అక్టోబర్ 2న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాలలతో పాటు ఈ కళాశాల కూడా అందులో భాగమైంది. 2008లో విడిపోయి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంగా మాసబ్‌ట్యాంక్‌లో నిలబడింది.

అదే 1972లో వచ్చిన ఆర్కిటెక్ట్స్ చట్టం ఈ వృత్తి హద్దులు గీసింది. గుర్తింపు ఉన్న డిగ్రీ పొంది కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే తమను ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. చదువుకు ఒక కనీస ప్రమాణం వచ్చింది, కొనుగోలుదారుకు కొంత రక్షణ దొరికింది. ఆ చట్టం మేస్త్రీ విద్యకు ఎక్కడా చోటు ఇవ్వలేదన్నది మాత్రం నిజమైన లోటు. మెదక్ చర్చి కమాన్లు పేర్చిన చేతుల వారసులు చట్టం దృష్టిలో కూలీలుగానే మిగిలారు. నిజాం రాజ్యంలోని షాహాబాద్ నుంచి సిమెంటు రావడం మొదలయ్యాక డంగు సున్నం గానుగలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కాంక్రీటు వచ్చాక స్లాబు లోపల పరిచే కడ్డీల లెక్క ఇంజనీరుది, పెట్టె బిగించడం మేస్త్రీది అయింది. మట్టీ సున్నం గురించి అతనికి తెలిసిందంతా అక్కరకు రాకుండా పోయింది.

డిగ్రీ తర్వాతి చదువు ఈ దేశంలో విదేశీ ప్రయాణాలతో మొదలైంది. 1940లలో అచ్యుత్ కన్విందే హార్వర్డ్‌కు, హబీబ్ రెహ్మాన్ మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు వెళ్లారు. సికింద్రాబాదులో 1930లో పుట్టిన చార్లెస్ కొరియా మిషిగన్‌లో డిగ్రీ చేసి, 1955లో మసాచుసెట్స్‌లోనే మాస్టర్స్ పూర్తి చేశారు. వాళ్లు తెచ్చిన కాంక్రీటు, అద్దం, చదును గోడల పద్ధతిని ఈ ఎండకు సరిపడేలా మలచడమే కొరియా జీవితకాలపు పని. హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయానికి 1960లలో ఆయన గీసిన రూపంలో ఎండను అడ్డుకునే పైకప్పు జాలీ ఒకటి ఉంది. ఎయిర్ కండిషనర్ మీద ఆధారపడకుండా నీడనే ఒక గదిలా వాడుకునే ఆలోచన అది. భవంతి ఇంటి నడిమి వాకిలికి అది దగ్గరి చుట్టం.

స్వదేశంలో పీజీ చదువు మొదట ప్రణాళిక వైపు నుంచి బలపడింది. 1955లో ఢిల్లీలో పెట్టిన టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ పాఠశాలలో 1959లో ఆర్కిటెక్చర్ విభాగం కలిసి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అయింది. స్వాతంత్ర్యం తర్వాత ఊళ్లు వేగంగా పెరిగాయి. పంపులు, రోడ్లు, ఇళ్ల స్థలాలు, పారిశ్రామిక వాడలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు కావలసి వచ్చింది. దీనికి చాలా ముందే స్కాట్లండుకు చెందిన పాట్రిక్ గెడెస్ భారత నగరాల మీద రాస్తూ, ప్లాను గీసే ముందు ఊరిని నడిచి చూడాలని, ఇంటింటికీ కొలవాలని పట్టుబట్టారు. పీజీ స్టూడియోలో మొదటి నెలలు సర్వేకే పోవడానికి మూలం ఆయన పద్ధతే. హైదరాబాదులో 1975లో పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక నగర, ప్రాంతీయ ప్రణాళికలో పీజీ చేసినవారికి ఇంటి దగ్గరే పని దొరికింది.

తెలుగు నేలపై ఈ చదువుకు ఇప్పుడు రెండు పెద్ద ఆధారాలున్నాయి. ఒకటి మాసబ్‌ట్యాంక్‌లోని విశ్వవిద్యాలయం. రెండోది 2008లో భోపాల్‌తో పాటు విజయవాడలో కేంద్రం నెలకొల్పిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్. 2014 నాటి చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. అక్కడ పీజీలో కట్టడాల పరిరక్షణ, తోటల, బహిరంగ స్థలాల రూపకల్పన, పర్యావరణానికి మేలు చేసే నిర్మాణం, పర్యావరణ ప్రణాళిక, నగర ప్రణాళిక, నిర్మాణ నిర్వహణ వంటి విడివిడి దారులున్నాయి. బి.ఆర్క్‌కు అయిదేళ్లు, ఆ పైన ఎం.ఆర్క్‌కు రెండేళ్లు. ప్రవేశాలకు గేట్, రాష్ట్రంలో పీజీఈసెట్ పరీక్షలు ఉన్నాయి. అయిదేళ్లలో విద్యార్థి భవనం గీయడం నేర్చుకుంటే, తర్వాతి రెండేళ్లలో ఒక ప్రశ్న వెంట పడతాడు: ఈ ఇల్లు ఎందుకు చల్లగా ఉంది, ఈ కోట గోడ ఎందుకు పగులుతోంది, ఈ చెరువు చుట్టూ ఊరు ఎలా పెరిగింది.

ఈ పీజీ శాఖల్లో పరిరక్షణ ప్రత్యేకంగా చెప్పుకోవలసింది. కళాశాలకూ సుతారికీ మధ్య తెగిన దారాన్ని అది తిరిగి కలిపింది. 1984లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ ఏర్పడటం, 1990లలో హైదరాబాదు వారసత్వ కట్టడాల జాబితాకు నియమం రావడం, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం రావడం దీనికి పునాదులు. దాని పనితీరు కళ్లారా చూడాలంటే కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణకే వెళ్లాలి. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు ఆధ్వర్యంలో అక్కడ సాగిన పనిలో, 20వ శతాబ్దంలో గోడలకు పట్టించిన సిమెంటును ఓపికగా గీకి తీసి, మళ్లీ డంగు సున్నం వేశారు. సిమెంటు చెమ్మను లోపలే బంధించడం వల్ల కింది సున్నం పొడిగా రాలిపోతోంది. దాన్ని తీసేయడమే మొదటి వైద్యం. సున్నం రుబ్బడం, గచ్చు నునుపు చేయడం చేతి విద్యగా తెలిసిన పనివాళ్లను వెతికి తెచ్చుకున్నారు. గోల్కొండ బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. డిగ్రీ ఉన్న యువ ఆర్కిటెక్టు, డిగ్రీ లేని ముసలి సుతారిని ‘సున్నం ఎంతకాలం మురగబెట్టాలి?’ అని అడిగి రాసుకునే పరిస్థితి అక్కడ ఏర్పడింది. ఇలాంటి పని లేని ఎం.ఆర్క్ చదువు సగమే.

ఉమ్మడి మెదక్ జిల్లాలో కొత్త కట్టడాలు కూడా ఈ చదువుకు పాఠాలే. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ మొదట ఎద్దుమైలారం దగ్గర ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా నడిచి, తర్వాత కందిలోని సొంత క్యాంపస్‌కు మారింది. క్రిస్టఫర్ బెన్నింజర్ బృందం, జపాన్ సాయంతో టోక్యో విశ్వవిద్యాలయ నిపుణులు అక్కడి భవనాల రూపకల్పనలో పాల్గొన్నారు. సదాశివపేట దగ్గర కంకోలులోని వోక్సెన్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్, ప్లానింగ్ విభాగం ఉంది. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేటలుగా విడిపోయాక ఈ ప్రాంగణాలు సంగారెడ్డి వైపు చేరాయి. మెదక్ జిల్లాకు మిగిలింది కోట, చర్చి, సంస్థానపు ఊళ్లు, మంజీర ఒడ్డు.

పరిరక్షణ స్టూడియో విద్యార్థి ఇటువంటి ఊరికి వచ్చినప్పుడు చేసే పని నిర్దిష్టమైనది. మొదట ఇంటి చుట్టూ టేపు తిరుగుతుంది. గదికి నాలుగు గోడలతో పాటు ఎదురెదురు మూలల మధ్య వికర్ణాలు కూడా కొలుస్తారు, ఎందుకంటే పాత ఇంట్లో మూలలు అన్నిసార్లూ 90 డిగ్రీలు ఉండవు. తర్వాత దర్వాజ కమ్ముల చెక్కడం, దూలం కొస, గూనపెంకు వంపు నిజమైన పరిమాణంలో గీస్తారు. గోడలోని సున్నం ముక్కను ప్రయోగశాలకు పంపి ఇసుకా సున్నం పాళ్లు తేలుస్తారు. పగుళ్లకు గాజు పట్టీలు అంటించి, నెలల తరబడి ఆ పగుళ్లు వెడల్పు అవుతున్నాయో లేదో చూస్తారు. గడీలో ఎవరు ఏ అర్రలో ఉండేవారో, కొట్టంలో పశువులు ఎప్పుడు మాయమయ్యాయో ఇంటివాళ్లను అడిగి రాస్తారు. చివరికి ఇవన్నీ ప్లాను, కోత చిత్రం, ఎత్తు చిత్రం అనే మూడు రకాల డ్రాయింగులుగా మారి, థీసిస్‌లో చేరతాయి. పాపన్నపేట, టేక్మాల్ వైపు ఊళ్లలో పెంకుటిళ్ల స్థానంలో స్లాబు ఇళ్లు లేస్తుండగా, ఒక ఇంటి గోడ మందమూ కప్పు వాలూ కాగితం మీద నిలవడానికి ఇది ఒక మార్గం. ఆ డ్రాయింగు కింది మూలలో కొలిచిన తేదీ, స్కేలు, గీసినవారి పేర్లు ఉంటాయి. కట్టిన మేస్త్రీ పేరు ఇంటివాళ్లకు గుర్తుంటే, దాన్ని కూడా అక్కడే రాస్తారు.